నీటి అడుగున స్కూటర్: పెట్టె విప్పిన రోజు నుంచి మొదటి డైవ్ దాకా

కొత్తగా డైవింగ్ స్కూటర్ కొన్నవాళ్ళు వారం తిరగకుండా ఫోను చేసి చెప్పే మాట దాదాపు ఒకటే: "అన్నా, పాడైన సరుకు అంటగట్టారు." ఒకరి స్కూటర్ ఈత కొలనులో వదలగానే మూతి కిందికి వాల్చేసిందట. ఇంకొకరిది ఇంట్లో గిర్రున తిరిగి, నీళ్ళలో దిగిన మూడో నిమిషంలో ఆగిపోయిందట. మరొకరిది ఎప్పుడూ ఎడమకే లాగుతుందట. వేరొకరికి మూత తీస్తే లోపల నీటి చుక్కలు కనిపించి గుండె ఆగినంత పనైందట. నేను చూసినంతలో ఇలాంటి ఫిర్యాదుల్లో నిజంగా యంత్రం తప్పు ఉన్నవి తక్కువ. ఈ స్కూటర్ కర్మాగారం నుంచి సగమే తయారై వస్తుంది. మిగతా సగాన్ని, అంటే ఏ నీటిలో తిరగాలి, ఎవరి ఒంటికి అమరాలి, ఏ బ్యాటరీతో ఎంత దూరం పోవాలి అన్నదాన్ని, కొన్నవాడే పూర్తి చేయాలి. ఆ సంగతి పెట్టె మీద ఎవరూ రాయరు.

ఏ స్కూటర్ గురించి మాట్లాడుతున్నామో ముందే చెప్పుకుందాం. రెండు చేతులతో పట్టుకునే, మూడు నాలుగు కిలోల చిన్న రకం ఒకటి ఉంది. ఉపరితలంలో సరదాగా ఈదేవారికి అది చాలు. నేను చెప్పేది టార్పెడో ఆకారంలో ఉండే పెద్ద రకం గురించి. ఇది డైవర్‌కు ముందుండి, అతని నడుము కింది పట్టీకి తగిలించిన తాడుతో అతణ్ణి లాక్కుపోతుంది. ముందు భాగంలో బ్యాటరీ, వెనక మోటారు, దాని వెనక ఒక వలయం మధ్యలో ప్రొపెల్లర్ ఉంటాయి. ఆ వలయం వేళ్ళు తెగకుండా పెట్టిన కంచె మాత్రమే అనుకుంటారు చాలామంది. సరైన ఆకారంలో చేస్తే, నెమ్మదిగా వెళ్ళేటప్పుడు నెట్టే బలాన్ని కూడా అది పెంచుతుంది. పడవల్లో ప్రొపెల్లర్ చుట్టూ బిగించే "కోర్ట్ నాజిల్" అనే వలయానికి ఇది చుట్టమే.

టార్పెడో ఆకారం ఊరికే రాలేదు. 1941 డిసెంబర్ 19 తెల్లవారుజామున ఆరుగురు ఇటలీ నావికులు ఇలాంటి నీటి వాహనాలు మూడింటిపై గుర్రమెక్కినట్టు కూర్చుని అలెగ్జాండ్రియా రేవులోకి చొరబడ్డారు. క్వీన్ ఎలిజబెత్, వేలియంట్ అనే రెండు బ్రిటిష్ యుద్ధనౌకలను దెబ్బతీశారు. ఆ వాహనానికి వాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు "మయాలే", అంటే పంది. చెప్పిన మాట వినక మొండికేసేది కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. ఎనభై ఏళ్ళు దాటినా కొత్త స్కూటర్‌తో మొదటిరోజు కుస్తీ పడేవాడికి ఆ పేరు అర్థమవుతుంది.

బల్ల మీద పని

పెట్టె విప్పగానే ట్రిగ్గర్ నొక్కి ప్రొపెల్లర్ తిప్పి చూడాలని చేయి లాగుతుంది. తిరిగితే సంతోషం. కానీ దానివల్ల తెలిసేది ఏమీ లేదు. నీళ్ళు గాలికన్నా దాదాపు 800 రెట్లు చిక్కన. గాలిలో ప్రొపెల్లర్ తిప్పడానికి బ్యాటరీ పడే శ్రమ అసలు శ్రమే కాదు. పైగా ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు సీలుకు నీరే తడి, నీరే చల్లదనం. పొడిగా తిప్పితే అది వేడెక్కి అరుగుతుంది. రెండు సెకన్లు తిరిగిందా, వదిలేయండి.

ఇక బ్యాటరీ. లిథియం అయాన్ బ్యాటరీని విమానంలో విడి సరుకుగా పంపేటప్పుడు ఛార్జి 30 శాతానికి మించకూడదని 2016 నుంచి అంతర్జాతీయ నిబంధన ఉంది. కాబట్టి కొత్త బ్యాటరీ మీ చేతికి మూడింట రెండు వంతులకు పైగా ఖాళీగా వచ్చి ఉండవచ్చు. ఇంట్లో తిరిగి నీళ్ళలో మూడు నిమిషాలకే ఆగిన స్కూటర్ కథ చాలాసార్లు ఇదే. భారం పడగానే వోల్టేజి జారుతుంది, బ్యాటరీలోని రక్షణ సర్క్యూటు కరెంటు ఆపేస్తుంది. ఛార్జర్ మీద వెలిగే పచ్చదీపాన్ని మాత్రమే నమ్ముకోకండి. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒకటి దగ్గర పెట్టుకోండి. ఒక్కో లిథియం సెల్ నిండుగా ఉంటే 4.2 వోల్టులు చూపుతుంది. ఏడు సెల్‌లు వరుసగా కలిపిన ప్యాకు 29.4 వోల్టులు చూపాలి. అది 27 దగ్గరే ఆగి పచ్చదీపం వెలుగుతుంటే ఛార్జర్ వేరేదై ఉండాలి, లేదా సెల్‌లలో ఒకటి వెనకబడి ఉండాలి. అసలు సున్నా చూపితే కంగారు పడనక్కరలేదు. రవాణా కోసం రక్షణ సర్క్యూటు నిద్రపోతూ ఉండవచ్చు. ఛార్జర్ తగిలిస్తే చాలావరకు లేస్తుంది.

రెండు ప్యాకులు పెట్టుకునే స్కూటరైతే రెండూ ఒకే వయసువి, ఒకే స్థాయిలో ఛార్జి అయినవి ఉండాలి. కొత్తదాన్ని పాతదానితో జత చేయడం కుర్ర ఎద్దును ముసలి ఎద్దుతో కాడికి కట్టడమే. అమెరికాలో డైవ్ ఎక్స్‌ట్రాస్ కంపెనీ వారి బ్లాక్‌టిప్ స్కూటర్ డ్రిల్లింగ్ మెషిన్‌ల బ్యాటరీలతోనే నడుస్తుంది. ఆ ఆలోచన నాకు బాగా నచ్చింది. ప్యాకు పోతే స్కూటర్ కంపెనీ దయ కోసం ఎదురుచూడనక్కరలేదు. విమానం కథ కూడా కొంత తేలికవుతుంది.

ఆ విమానం కథ కొనేముందే తెలుసుకోవాలి. విశాఖ నుంచో హైదరాబాద్ నుంచో అండమాన్‌కు డైవింగ్ కోసం వెళ్ళేవాళ్ళు చాలామంది విమానాశ్రయం దాకా వెళ్ళాకే దీన్ని తెలుసుకుంటారు. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి. విడి లిథియం బ్యాటరీ 100 వాట్-అవర్ల లోపు ఉంటే చేతిసంచిలో తీసుకెళ్ళవచ్చు. 100 నుంచి 160 మధ్య ఉంటే విమాన సంస్థ అనుమతి కావాలి, అదీ రెండే. 160 దాటితే ప్రయాణికుడిగా తీసుకెళ్ళలేరు. 18 వోల్టుల 5 ఆంపియర్-అవర్ల డ్రిల్ బ్యాటరీ 90 వాట్-అవర్లు, వెళ్తుంది. పెద్ద స్కూటర్‌లో ఉండే ఏకఖండం ప్యాకు ఎన్నో వందల వాట్-అవర్లు ఉంటుంది. అది ప్రమాదకర సరుకుగా విడిగా వెళ్ళాల్సిందే. ఏ విడి బ్యాటరీనీ చెకిన్ సామానులో పెట్టకూడదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన, అందరూ అన్నిటికన్నా తక్కువ చూసే వస్తువు దగ్గరకు వద్దాం: మూత చుట్టూ ఉండే రబ్బరు రింగు. పది రూపాయల వస్తువులా కనిపిస్తుంది. లక్షల యంత్రానికీ సముద్రానికీ మధ్య అడ్డు అదొక్కటే. దానికి గ్రీజు దట్టంగా పూస్తే నీళ్ళు రావని చాలామంది నమ్మకం. నీటిని ఆపేది గ్రీజు కాదు, రింగు గాడిలో నలిగి రెండు గోడలకూ అదుముకోవడం. గ్రీజు పని రింగు మెలిక పడకుండా జారనివ్వడమే. రింగు కాస్త మెరిస్తే చాలు. ఎక్కువ పూస్తే ఇసుకనూ దుమ్మునూ పిలిచి కూర్చోబెడుతుంది. రింగును గాడిలోంచి స్క్రూడ్రైవర్‌తో పీకవద్దు. గాడిపై పడిన ఒక్క గీటు జీవితాంతం కారుతుంది. పాత ఏటీఎం కార్డు అంచు చాలు. రింగు సిలికోన్‌తో చేసినదైతే సిలికోన్ గ్రీజు దాన్ని ఉబ్బిస్తుంది కాబట్టి పెట్టెలో వచ్చిన గ్రీజునే వాడాలి.

నా మొదటి స్కూటర్‌లోకి నీళ్ళు పంపింది తువ్వాలు. శుభ్రం చేయాలనే తాపత్రయంలో ఇంట్లో మెత్తటి నూలు తువ్వాలుతో గాడి అంతా తుడిచాను. ఒక పోగు రింగు మీద అడ్డంగా పడి ఉంది. కంటికి కనిపించలేదు. అది ఒత్తిలా పనిచేసింది. దీపం వత్తి నూనెను ఎలా పీలుస్తుందో అలా సముద్రాన్ని లోపలికి పీల్చింది. అప్పటినుంచి నూలు రాలని గుడ్డతో తుడిచి, కళ్ళను పక్కన పెట్టి వేలికొసతో గాడి చుట్టూ ఒకసారి తిరుగుతాను. వెంట్రుకను కన్ను వదిలేసినా వేలు పట్టుకుంటుంది.

లోతుకు వెళ్ళేకొద్దీ లీకు ఎక్కువవుతుందని అనుకోవడం సహజం. మూత మీద బాగా కూర్చునే రింగుల విషయంలో తరచు ఇది తలకిందులు. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ ఒక్కో చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో భారం పెరుగుతుంది. 18 సెంటీమీటర్ల వెడల్పున్న మూత వైశాల్యం 254 చదరపు సెంటీమీటర్లు. 10 మీటర్ల లోతులో దాన్ని సుమారు 250 కిలోలు లోపలికి అదుముతుంటాయి, రింగు ఇంకా గట్టిగా కూర్చుంటుంది. ఆ అదుము లేని చోట, అంటే అర మీటరు లోతులోనో, పడవ పక్కన అలలకు ఊగుతున్నప్పుడో సరిగా కూర్చోని రింగు కారుతుంది. అందుకే మొదటి పరీక్ష లోతులో కాదు. కొలనులో, బ్యాటరీ తీసేసి అంత బరువు సీసమో ఇసుక సంచో పెట్టి, ఓ అరగంట ముంచి ఉంచాలి. లోపల ఒక టిష్యూ కాగితం పెట్టండి. అది అబద్ధం చెప్పదు.

అన్నట్టు ఆ కాగితం తడిసినా అది లీకు కాకపోవచ్చు. మన తీరంలో గాలి ఎంత తేమగా ఉంటుందో ఉతికిన బట్టలు ఆరేసేవారికి తెలుసు. ఆ గాలిని ఒడ్డున మూతలో బంధించి చల్లటి నీళ్ళలోకి దింపితే మంచినీళ్ళ చెంబుకు పట్టినట్టే లోపలి గోడలకు చెమట పడుతుంది. ఏది చెమటో ఏది సముద్రమో తేల్చడం తేలిక. టిష్యూను ఎండలో ఆరనివ్వండి. తెల్లటి ఉప్పు మరక మిగిలితే సముద్రం, ఏమీ మిగలకపోతే చెమట. కొలను నీటి దగ్గర ఈ చిట్కా పనిచేయదు. అక్కడ తడి ఎక్కడుందో చూడాలి. గోడలంతా సన్నగా పట్టి ఉంటే చెమట, మూత దగ్గర ఒకచోట మడుగులా ఉంటే లీకు. ఏసీ గదిలో మూత బిగించి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల వేస్తే ఈ అనుమానమే రాదు.

అయితే ఏసీ గదిలో మూసినదాన్ని మండుటెండలో వదలకూడదు. లోపలి గాలి వేడెక్కి మూతను బయటికి నెడుతుంది. దీనికి వ్యతిరేకంగా జరిగేది ఇంకా తమాషా. ఎండలో 45 డిగ్రీల దగ్గర మూసి, 27 డిగ్రీల నీళ్ళలోకి దించితే లోపలి ఒత్తిడి సుమారు 6 శాతం పడిపోతుంది. ఆ 18 సెంటీమీటర్ల మూతను అది దాదాపు 15 కిలోల బలంతో పట్టి ఉంచుతుంది. "మూత ఇరుక్కుపోయింది, సుత్తి తెమ్మంటారా?" అని అడిగేవారికి నా జవాబు ఇదే: నీడలో పెట్టి కాఫీ తాగి రండి. విమానంలో పంపేటప్పుడు మాత్రం మూత బిగించవద్దు. పైన విమానంలో గాలి ఒత్తిడి నేల మీద కన్నా పావు వంతు తగ్గుతుంది. అప్పుడు అదే మూతను లోపలి గాలి 60 కిలోలకు పైగా బలంతో బయటికి తోస్తుంది.

బావిలో బిందె

బావిలోంచి నీళ్ళు తోడినవారికి ఆర్కిమెడిస్ గురించి వేరే చెప్పనక్కరలేదు. బిందె నీళ్ళలో ఉన్నంతసేపూ వేలితో ఆడించవచ్చు. పైకి రాగానే చేతులు పీకుతాయి. స్కూటర్ కూడా అంతే. 20 లీటర్ల చోటు ఆక్రమించే స్కూటర్ బరువు సరిగ్గా 20 కిలోలైతే మంచినీళ్ళలో అది తేలదు, మునగదు. అదే స్కూటర్‌ను సముద్రంలో వదలండి. అక్కడ లీటరు నీళ్ళు సుమారు 1.025 కిలోలు తూగుతాయి. సముద్రం దాన్ని 20.5 కిలోల బలంతో పైకి తోస్తుంది. కొలనులో చక్కగా కుదిరిన స్కూటర్ సముద్రంలో అర కిలో బలంతో పైకి లాగుతుందన్నమాట. యంత్రం మారలేదు, నీళ్ళు మారాయి. హైదరాబాద్‌లో కొలనులో సరిచేసుకుని అండమాన్ వెళ్ళినవారి "ఇది పైకి లాగేస్తోంది" అనే ఫిర్యాదు ఇక్కడ పుడుతుంది.

దాన్ని ఆపడానికి అర కిలో సీసం కలపాలి. ఆ సీసాన్ని ఎక్కడ పెడతారన్నది కూడా లెక్కే. స్కూటర్ లోపల పెడితే 500 గ్రాములు 500 గ్రాములే. బయట కడితే సీసం కూడా నీటిని పక్కకు నెడుతుంది కాబట్టి తన బరువులో 9 శాతం పోగొట్టుకుంటుంది. అప్పుడు 550 గ్రాములు కావాలి. విశాఖలో డైవ్ చేసేవారికి ఇంకో చిన్న మెలిక. గోదావరి, మహానది, గంగ వంటి నదుల వరదనీరు వచ్చి చేరడంతో వానాకాలం తర్వాత బంగాళాఖాతం ఉత్తర భాగంలో పైపొర ఉప్పదనం తగ్గుతుంది. మే నెలలో కుదిరిన తూకం అక్టోబరులో కొన్ని పదుల గ్రాములు తప్పవచ్చు. దానికోసం ప్రాణం తీసుకోనక్కరలేదు, తెలిసి ఉంటే చాలు. ఛార్జి అయిపోతే బ్యాటరీ తేలికవుతుందా అని ఒక కుర్రవాడు అడిగాడు. కాదు నాయనా, పెట్రోలు కాదు కదా కరిగిపోవడానికి.

తూకం చూసేముందు స్కూటర్‌ను నీళ్ళలో పూర్తిగా ముంచి అటూ ఇటూ వంచి, తలకిందులు చేసి ఆడించాలి. పాత బజాజ్ స్కూటర్ స్టార్టు కాకపోతే పక్కకు వంచేవారు గుర్తుందా? అక్కడ పెట్రోలు కోసం, ఇక్కడ గాలి బుడగల కోసం. వలయం లోపల, హ్యాండిల్ సందుల్లో ఇరుక్కున్న బుడగలతో తూకం చూస్తే ఆ తూకమంతా దండగ.

ఇక మూతి వాలడం. మొత్తం బరువు సరిపోవడం వేరు, ఆ బరువు ముందూ వెనకా సరిగా పంచి ఉండడం వేరు. స్కూటర్ మధ్యలో ఒక వేలు ఆనించి వదలండి. మూతి కిందికి పోతే సీసాన్ని వెనక్కి, తోక కిందికి పోతే ముందుకు జరపాలి. కొన్నింటిలో ఇందుకు లోపల పట్టాలు ఉంటాయి, లేనివాటిలో బ్యాటరీని స్పాంజి ముక్కతో ముందుకూ వెనక్కీ జరుపుకోవచ్చు. 20 కిలోల యంత్రంలో రెండు మూడు వందల గ్రాములు ఒక జానెడు జరిగితే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మూతి వాలిన స్కూటర్‌ను తోలేవాడు డైవ్ మొత్తం మణికట్టుతో దాన్ని ఎత్తుతూనే ఉంటాడు. గంట తర్వాత చేయి పనికిరాదు. కాస్త తేలేలా పెట్టాలా, కాస్త మునిగేలా పెట్టాలా అనే వాదం డైవర్లలో ఎప్పటికీ తెగదు. గుహల్లో తిరిగేవారు తేలడాన్ని ఒప్పుకోరు, వదిలితే కప్పుకు పోయి అతుక్కుంటుంది. మన తూర్పు తీరంలో చాలా రోజులు అడుగు కనిపించనంత మసకగా ఉంటుంది. చేజారి మునిగిన స్కూటర్ దొరకదు. నా ఓటు ఓ వంద గ్రాములు తేలడానికే.

తాడు దగ్గరకు వస్తే, స్కూటర్ మనల్ని లాగాల్సింది చేతులతో కాదు. తాడు చివరి కొక్కెం కాళ్ళ మధ్యనుంచి వచ్చే పట్టీకి ముందున్న డి-రింగుకు, అంటే ఇంగ్లీషు D ఆకారపు కడియానికి, తగులుతుంది. బరువంతా ఆ పట్టీ మీద పడాలి, కుడిచేయి ట్రిగ్గర్ మీద ఊరికే వాలి ఉండాలి. పరీక్ష ఇలా: వెళ్తూ వెళ్తూ ట్రిగ్గర్ నొక్కే వేలు తప్ప మిగతా వేళ్ళన్నీ వదులు చేయండి. చేయి సాగిపోతే తాడు పొడవు ఎక్కువైంది. ప్రొపెల్లర్ తోసిన నీళ్ళు ఛాతీకి, తొడలకు కొడుతుంటే తాడు పొట్టిగా ఉంది. ఆ నీళ్ళు పొట్ట కిందుగా జారిపోవాలి, ఒంటికి తగిలితే అదే బ్రేకు. మోచేయి కాస్త వంగి ఉండే పొడవు దాదాపు సరైనది. రెండు మూడు సెంటీమీటర్లు కూడా తెలుస్తాయి కాబట్టి మొదటిరోజే ముడి బిగించి చివర కోసేయకండి. చలికాలం దళసరి సూటు వేసుకుంటే మళ్ళీ మారుతుంది.

ఎడమకు లాగుతోందన్న ఫిర్యాదుకు మూడు కారణాలు చూస్తాను. ప్రొపెల్లర్ ఒకవైపు తిరిగితే స్కూటర్ ఒళ్ళు రెండోవైపు తిరగబోతుంది. అది లోపం కాదు, భౌతికశాస్త్రం. హ్యాండిల్‌ను మణికట్టుకు ఆనించి ఆపాలి, రెండు డైవ్‌లలో అలవాటవుతుంది. రెండోది, తాడు స్కూటర్ రెండు పక్కలా తగిలేచోట ఒకవైపు పొట్టిగా ఉండడం. మూడోది, మనమే. ఒక పక్కన వేలాడే టార్చి, లోపలికి ముడవని గొట్టం, వంకరగా కట్టిన సిలిండర్ నీటిని ఒకవైపు ఎక్కువ అడ్డుకుంటాయి. రెక్కలు విడదీసి బిగించే ప్రొపెల్లర్ అయితే ఒక రెక్క తిరగేసి బిగించి ఉండవచ్చు. అప్పుడు లాగుడుతో పాటు వణుకు కూడా ఉంటుంది.

ఆగితే, ఆగకపోతే

నీళ్ళలో ఆగిపోయిన స్కూటర్ ఎలా ఆగిందో గమనిస్తే సగం జబ్బు తెలిసినట్టే. తక్కువ వేగంలో నడిచి, ఎక్కువ వేగం పెట్టగానే ఆగితే బ్యాటరీ నీరసంగా ఉంది, లేదా లోపలి కనెక్టర్ పూర్తిగా దిగలేదు. మూత తీసి కనెక్టర్‌ను ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. ట్రిగ్గర్‌కు అసలు స్పందనే లేకపోతే మూత బిగించిన తీరు చూడాలి. చాలా స్కూటర్లలో ట్రిగ్గర్‌కూ లోపలి స్విచ్చికీ మధ్య రంధ్రం ఉండదు. బయట అయస్కాంతం, లోపల దాన్ని పసిగట్టే స్విచ్చి ఉంటాయి. మూత ఒక అంగుళం పక్కకు తిరిగి కూర్చుంటే వాటికి చూపులు కలవవు. తాళంలా పనిచేసే మీట వేసి ఉందేమో కూడా చూడండి, ఇది రాయడానికే సిగ్గుగా ఉంది కానీ నాకూ జరిగింది. నడుస్తూ నడుస్తూ పట్టేసి ఆగితే ప్రొపెల్లర్‌కు ఏదో చుట్టుకుంది. మన తీరంలో అది దాదాపు ఎప్పుడూ తెగిన వల ముక్కో, గాలపు నైలాను తీగో అవుతుంది. పైపైన పీకేసి ఊరుకోకూడదు. సన్నటి తీగ ఇరుసు వెంట లోపలికి పోయి సీలును కోస్తుంది. ఇంటికొచ్చాక ప్రొపెల్లర్ ఊడదీసి చూడాలి. విప్పేముందు బ్యాటరీ తీసేయాలని విడిగా చెప్పాలా?

ఆగని స్కూటర్ ఇంకా చెడ్డది. ట్రిగ్గర్ వదిలినా తిరుగుతూనే ఉంటుంది. స్విచ్చి అతుక్కుపోవడం వల్లనో, ట్రిగ్గర్ సందులో ఇసుకరేణువు ఇరుక్కోవడం వల్లనో ఇలా జరుగుతుంది. అప్పుడు ఏం చేయాలో ఒక్కో తయారీలో ఒక్కో రకం. తాళపు మీట ఒకదానికి, అయస్కాంతం తీయడం ఇంకోదానికి. మీ దానికి ఏదో కళ్ళు మూసుకుని చేయగలిగేదాకా కొలను దాటకండి. పైకి లాగే దిశలో పరుగెడితే మాత్రం ముందు మూతిని పక్కకు తిప్పండి. ఊపిరి బిగబట్టకండి. నిమిషానికి 9 మీటర్లకన్నా వేగంగా పైకి రాకూడదన్నది డైవర్ల మామూలు నియమం, స్కూటర్‌కు ఆ నియమం తెలియదు. కిందికి దిగేటప్పుడూ అంతే. ఫిన్లతో, అంటే కాళ్ళకు తొడుక్కునే ఈత రెక్కలతో, దిగేవాడికి చెవులు సర్దుకునే వ్యవధి ఉంటుంది, స్కూటర్ మీద దిగేవాడు నొప్పి తెలిసేసరికి మూడు మీటర్లు దాటిపోతాడు.

లోపలికి ఉప్పునీరు పోయి ఉందని అనుమానం వస్తే పడవ మీద మొహం మూత ఎదురుగా పెట్టి తెరవకండి. కరెంటు ఉన్న ఉప్పునీటిలోంచి హైడ్రోజన్ పుడుతుంది, మూసిన గొట్టంలో అది ఒత్తిడిగా పేరుకుంటుంది, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. మూతిని మనుషులు లేనివైపు తిప్పి, మెల్లగా కొద్దికొద్దిగా వదులు చేయాలి. తడిసిన లిథియం బ్యాటరీని కడిగి ఆరబెట్టి మళ్ళీ ఛార్జి పెట్టే పొదుపరులు ఉన్నారు. పది రోజుల తర్వాత, అర్ధరాత్రి, అదే బ్యాటరీ ఇల్లు తగలబెట్టగలదు. దాన్ని ఇంటి బయట, కాలే వస్తువులకు దూరంగా ఉంచి పారవేసే చోటికి చేర్చాలి. డబ్బు పోయింది, అంతే.

తిరుగు ప్రయాణం లెక్క

ఇప్పటిదాకా చెప్పినవన్నీ యంత్రం సరిగా నడవడానికి. అసలు ప్రమాదం అది చక్కగా నడిచిన రోజున ఉంది. మామూలుగా ఈదే డైవర్ నిమిషానికి ఓ 15 మీటర్లు వెళ్తాడు. ఈ రకం స్కూటర్ 45 మీటర్లు లాక్కుపోతుంది. పది నిమిషాలు హాయిగా వెళ్ళారనుకోండి, 450 మీటర్లు. అక్కడ అది ఆగిపోతే వెనక్కి ఈదడానికి 30 నిమిషాలు.

గాలి చాలుతుందా? 20 మీటర్ల లోతులో ఒత్తిడి పైకన్నా మూడింతలు. ఒడ్డున నిమిషానికి 15 లీటర్లు పీల్చేవాడు అక్కడ 45 లీటర్లు ఖర్చు చేస్తాడు. 12 లీటర్ల సిలిండర్ 200 బార్ల దాకా (ఒక బార్ అంటే దాదాపు ఒడ్డున ఉండే గాలి ఒత్తిడి) నింపితే సుమారు 2400 లీటర్లు. వెళ్ళడానికి 450 అయింది, 1950 మిగిలింది. ఈదుతూ కంగారులో నిమిషానికి 20 లీటర్ల లెక్కన పీలిస్తే అక్కడ 60, అరగంటకు 1800. అత్యవసరానికి దాచుకోవాల్సిన 50 బార్లు, అంటే 600 లీటర్లు, ఏవీ? పైగా స్కూటర్‌ను వదిలి రావడానికి మనసొప్పదు, దాన్ని లాక్కుంటూ ఈదితే 15 మీటర్లు 12 అవుతాయి. అరగంట కాస్తా 37 నిమిషాలవుతుంది. గాలి ఒడ్డుకు ముందే అయిపోతుంది. సిలిండర్‌లో మూడో వంతు వాడగానే తిరగాలనే పాత నియమం ఈదేవాడి కోసం పుట్టింది. స్కూటర్ మీద వెళ్ళేవాడు దాన్ని గుడ్డిగా వాడితే 800 లీటర్లు అయ్యేదాకా, అంటే దాదాపు 18 నిమిషాలు వెళ్తూనే ఉంటాడు. అప్పటికి 800 మీటర్ల దూరంలో ఉంటాడు. అతని దగ్గర మిగిలిన 1600 లీటర్లు ఈదుతూ 26 నిమిషాలకు సరిపోతాయి, అతనికి కావాల్సింది 53.

గుహ డైవర్లు ఈ లెక్కకు విలువిచ్చినంతగా ఇంకెవరూ ఇవ్వలేదు. 2007 డిసెంబర్‌లో జారడ్ జాబ్లాన్‌స్కీ, కేసీ మెకిన్లీ ఫ్లోరిడాలోని టర్నర్ సింక్ నుంచి వకుల్లా స్ప్రింగ్స్ దాకా దాదాపు 11 కిలోమీటర్లు నీటి గుహలోంచే ప్రయాణించి బయటపడ్డారు. పైన కప్పు ఉంది, పక్కకు దారి లేదు. అంతంత దూరాలు పోయేవారు ఒక స్కూటర్‌ను నమ్ముకోరు. రెండోదాన్ని వెంట లాక్కుపోతారు, దారిలో అదనపు సిలిండర్లు పెట్టుకుంటారు. మనకు పైన ఆకాశం ఉంది కదా అని ధీమా పడవచ్చు. కానీ పడవకు 800 మీటర్ల దూరంలో అలల మధ్య తేలిన తల పడవవాడికి కొబ్బరికాయంత కూడా కనిపించదు.

వేగం విషయంలో ప్రకృతి పిసినారి. నీళ్ళలో వేగాన్ని బట్టి కావాల్సిన శక్తి దాదాపు ఘనంలో పెరుగుతుంది. వేగం 20 శాతం పెంచితే బ్యాటరీ ఖర్చు 1.7 రెట్లు అవుతుంది. తగ్గిస్తే అదే లెక్క మనవైపు పనిచేస్తుంది. అమ్మేవాళ్ళు పెట్టె మీద రాసే "ఇన్ని కిలోమీటర్లు" అన్నది సాధారణంగా నెమ్మది వేగంలో తీసినది, "గంటకు ఇంత వేగం" అన్నది గరిష్ఠ వేగంలోది. రెండూ నిజమే, ఒకే డైవ్‌లో కలిసి రావు. మీ బ్యాటరీ నిజంగా ఎంతసేపు వస్తుందో తెలియాలంటే కొలను గోడకు తాడుతో కట్టి, మామూలు వేగంలో పూర్తిగా ఆగిపోయేదాకా నడిపి గడియారం చూడాలి. కదలకుండా కట్టేసినప్పుడు ప్రొపెల్లర్ మీద భారం కాస్త ఎక్కువే పడుతుంది కాబట్టి వచ్చే అంకె జాగ్రత్త వైపే ఉంటుంది. ఆ పూట కొలను యజమానిని బతిమాలుకోవాల్సి వస్తుంది.

సముద్రంలో మొదటి డైవ్‌కు నేను చెప్పేది ఒక్కటే పని. సిలిండర్ నిండుగా, లోతు తక్కువగా, తోడుగా ఒకరు ఈదుతూ కాక ఇంకో స్కూటర్ మీద ఉండగా, ఐదు నిమిషాలు వెళ్ళండి. అడుగుకు ఒకటి రెండు మీటర్లు పైనే ఉండండి, లేకపోతే ప్రొపెల్లర్ లేపిన మడ్డిలో మీ చేయి మీకే కనిపించదు. ఐదో నిమిషంలో ట్రిగ్గర్ వదిలి, స్కూటర్‌ను పక్కన తగిలించుకుని, ఈదుతూ వెనక్కి రండి. ఎంతసేపు పట్టిందో, ఎన్ని బార్లు అయ్యాయో పలక మీద రాసుకోండి. నా స్కూటర్ మూత మీద తెల్ల టేపు ముక్క ఒకటి అంటించి ఉంది. ఎండకు పసుపు పట్టింది, ఉప్పుకు అంచులు లేచాయి, రెండుసార్లు మార్చాను. దాని మీద మార్కర్‌తో రాసింది "5కి 19".